మేడం దిద్దిన ఉత్తరం

బీరువాల కంపెనీలో పనిచేసే ఉప్పలయ్యను పనిలోంచి తీసేశారని, దానికి కారణం వాళ్ల కొడుకు ఢిల్లీకి ఉత్తరం రాయడమేనని ఐలమ్మ చెప్పిందట. తోటకూర కట్టలు అమ్మడానికి వచ్చిన ఐలమ్మ ఆ సంగతి లక్ష్మీనర్సమ్మ చెవిన వేసింది. లక్ష్మీనర్సమ్మ దాన్ని కడుపులో పెట్టుకునే మనిషి కాదు. తెల్లారి నల్లా వచ్చినప్పుడు, పైభాగంలో కిరాయికుండే స్వర్ణలత బిందె పట్టుకుని దిగగానే మొదలుపెట్టింది.

"ఢిల్లీకో, ముఖ్యమంత్రికో నాకైతే ఎర్కలేదు బిడ్డా. ఐలమ్మయితే ఢిల్లీ అన్నది. ఐలమ్మోళ్లు, ఉప్పలయ్యోళ్లు నాచారంల ఒక్కటే వరుస రూముల్ల ఉంటరు గదా. పిల్లగాడు డిగ్రీ సదువుతుండంట. తండ్రి అన్నం తినే కంపెనీ మీదనే రాసిండంట. ఎవలన్న రాస్తరా గట్ల?"

"ఏం రాసిండంట పెద్దమ్మా?"

"గాలి సక్కగ లేదని రాసిండంట. గాలికి కంపెనీయోడేం జేస్తడు చెప్పు." లక్ష్మీనర్సమ్మ పైపును తన బిందెలోంచి స్వర్ణలత బిందెలోకి మార్చింది. "పిల్లగాడు మంచోడేనంట పాపం. కాలేజీల ఎవతో మేడం ఉన్నదంట. దగ్గర కూసోబెట్టి రాయిచ్చిందంట. రాస్తెనే మార్కులేస్త అన్నదంట. ఏం పోయేకాలమో దానికి."

స్వర్ణలత పైపు అందుకుంది. ఆమె కాలేజీలో ఇంగ్లీషు చెబుతుందని మాత్రమే లక్ష్మీనర్సమ్మకు తెలుసు. ఆ ఇంగ్లీషులో ఒక ముక్క పేరు బిజినెస్ కమ్యూనికేషన్ అని, ఆ పోయేకాలపు మేడం ఎదురుగా నిలబడి నీళ్లు పట్టుకుంటున్నదని తెలియదు.

"నీళ్లు పొర్లుతున్నయి సూడు," అంది లక్ష్మీనర్సమ్మ.

ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో, కింద టైర్ల షాపు, పైన మూడంతస్తుల్లో డిగ్రీ కాలేజీ. స్వర్ణలత అక్కడ చేరి చాలా ఏళ్లయింది. బీకాం చివరి ఏడాది పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పుతుంది. నేర్పడమంటే, గైడులో ఉన్నవి బోర్డు మీద వేయడం, పిల్లలు ఎక్కించుకోవడం. ఆ గైడులో ఒక ఫిర్యాదు లేఖ ఉంది. బొంబాయి కంపెనీవాళ్లు పంపిన పింగాణీ కప్పులు దారిలో పగిలిపోయాయి, వాటి బదులు వేరేవి పంపమని. ప్రతి ఏడాదీ ఆ కప్పులు పగిలేవి. ప్రతి ఏడాదీ పిల్లలు గౌరవపూర్వకంగా బాధపడేవారు. వాళ్లలో సగం మంది తండ్రులు నాచారం కంపెనీల్లో కూలీలు. జనగామ నుంచో, తుంగతుర్తి నుంచో వచ్చి రేకుల రూముల్లో ఉండేవాళ్లు. పింగాణీ కప్పుల పెట్టె ఎలా ఉంటుందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నిరుడు పేపర్లు దిద్దుతుంటే, ఒక అమ్మాయి ఆ లేఖ మీద తాను పుట్టక ముందటి సంవత్సరం వేసింది. గైడులో అదే ఉంది మరి. తేదీ కూడా బట్టీ పట్టాల్సిందే అనుకుంది. స్వర్ణలత మొదట నవ్వుకుంది. తర్వాత ఆ పేపరు పక్కన పెట్టింది. ఆ తేదీ వేసింది ఆ పిల్ల కాదు, తనే అనిపించింది.

ఈ ఏడాది గైడు తీయలేదు. "మీకు నిజంగా ఉన్న కష్టం ఒకటి పట్టుకోండి. దాన్ని తీర్చగలిగిన మనిషి ఎవరో కనుక్కోండి. వాళ్లకు మెయిల్ రాయండి. నేను దిద్దుతా, మీరు పంపండి. సగం మార్కులు రాసినందుకు, సగం మార్కులు జవాబు తెచ్చినందుకు," అని చెప్పింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలోంచి, "జవాబు రాకుంటే మేడం, మేమే రాసుకుంటే నడుస్తదా?" అని వినబడింది. క్లాసంతా నవ్వింది.

కానీ రాశారు. చెంగిచెర్ల నుంచి వచ్చే గౌతమి, తమ కాలనీ మలుపులో వీధి దీపం లేదని రాసింది. దీపం వెలిగింది. గౌతమి దాన్ని ఫోనులో ఫొటో తీసుకొచ్చి, దేవుడి పటం చూపినట్టు అందరికీ చూపింది. ప్రిన్సిపాల్ రామ్మోహనరావు ఏలూరు వైపు మనిషి, పొగడ్త చేతనైనవాడు. "ఇది బెస్ట్ ప్రాక్టీస్ మేడం. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వాళ్లు వచ్చినప్పుడు ఇదే చూపిద్దాం. పక్క కాలేజీల వాళ్లు కుళ్లుకోవాలి," అన్నాడు. స్వర్ణలతకు చాలాకాలం తర్వాత కాలేజీ మెట్లు ఎక్కుతుంటే ఆయాసం అనిపించలేదు.

అప్పుడు జీవన్ కాగితం తెచ్చాడు.

ఉప్పలయ్య కొడుకు జీవన్ మాట తక్కువ పిల్లవాడు. వాళ్ల నాన్న బీరువాలకు రంగు కొట్టే షెడ్డులో పని చేస్తాడు. షెడ్డులో పొగను బయటికి లాగే పెద్ద ఫ్యాను ఎండాకాలం నుంచి ఆగిపోయి ఉంది. రంగు పొగంతా లోపలే ఉంటున్నది. నాన్న ఉమ్మితే బీరువా రంగే వస్తున్నది, అని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడు నేల చూశాడు.

వాడు రాసుకొచ్చిన మొదటి ఉత్తరంలో ఫ్యాను ఎక్కడో అడుగున ఉంది. పైనంతా దండాలే. అయ్యగారి దయవల్ల మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదని, మా నాయన తమరి కాళ్ల దగ్గర మనిషని, తప్పుంటే మన్నించాలని, తమరికి వీలున్నప్పుడు ఫ్యాను సంగతి ఒకసారి చూస్తే జన్మంతా గుర్తుంచుకుంటామని. వచ్చీరాని ఇంగ్లీషులో అది ఇంకా వంగి కనబడింది.

స్వర్ణలత ఎర్ర పెన్ను తీసింది.

"నువ్వు అడుక్కుంటున్నవా, సంగతి చెప్తున్నవా?"

"సంగతే మేడం."

"మరి సంగతి మొదటి లైన్లో ఉండాలె. ఎప్పటి నుంచి, రెండో లైను. దానివల్ల ఏం జరుగుతుంది, మూడోది. నీకేం కావాలె, ఎన్ని రోజుల్లో కావాలె, అది చివర. ఈ దయలు, కాళ్లు, జన్మలు అన్నీ కొట్టెయ్."

"అన్నీనా మేడం?"

"అన్నీ."

"జర ఒక్కటన్న ఉంచుదామా? ఊకె ఉత్తగ అడిగినట్టు ఉంటది."

"ఒక దయచేసి ఉంచు. చాలు."

కాపీలు ఎవరికి పెట్టాలని అడిగాడు. పని చేయాల్సిన వాడికి పైన ఎవరుంటే వాళ్లకు, ఆ సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసు ఏదుంటే దానికి, అని ఆమె చెప్పింది. వాడు శ్రద్ధగల పిల్లవాడు. కంపెనీ మెయిల్‌తో పాటు సికింద్రాబాదులో ఉండే ఓనరు మెయిల్ అడ్రసు పట్టాడు. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసు అడ్రసు కూడా పట్టాడు. ఉత్తరం నాలుగుసార్లు తిరగరాశాడు. చివరిది చూసి స్వర్ణలత ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. అంత శుభ్రంగా ఉంది. క్లాసులో చదివి వినిపించింది. ఇంట్లో చెప్పి పంపాడో లేదో అడగాలని ఆమెకు తోచలేదు. పింగాణీ కప్పుల గురించి రాసినన్నాళ్లూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

ఐలమ్మ మాట విన్న రోజునే, కాలేజీకి పోకుండా, స్వర్ణలత ఆటో ఎక్కి నాచారంలో దిగింది. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె చీర కట్టు చూసి ఇన్‌స్పెక్టరమ్మ అనుకున్నాడేమో, సలాం కొట్టి లోపలికి పంపాడు. లోపల కూలీల హాజరు చూసే తిరుపతి అనే ఆయన కుర్చీ తుడిచి వేశాడు. చాయ్ తెప్పించాడు. తానెవరో చెప్పగానే చాయ్ గ్లాసు ఆమెవైపు జరుపుతున్న చేయి ఒక క్షణం ఆగింది.

"మీరేనా మేడం. మేం లాయర్ అనుకున్నం. ఓనర్ సాబ్ అయితే యూనియనోళ్లే అన్నడు. ఉప్పలయ్య కొడుకు రాసిండంటే ఎవ్వలు నమ్మలె. గంత మంచిగ ఉంది ఉత్తరం."

"అందులో అబద్ధం ఏమన్న ఉందా?"

"ఏం లేదు. ఫ్యాను నడుస్తలేకుండె. తెల్లారే బాగు జేయించినం. వినుండ్రి." కిటికీ తలుపు తెరిచాడు. షెడ్డు వైపు నుంచి ఫ్యాను చప్పుడు బలంగా వస్తున్నది. "ఉత్తరం పని ఉత్తరం జేసింది."

"మరి ఆయననెందుకు తీసేసిన్రు?"

తిరుపతి కిటికీ వేశాడు. ఆయన మొహంలో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది. "మేడం, ఈడ పద్ధతి ఒకటుంటది. కష్టమొస్తే మేస్త్రికి చెప్తరు. మేస్త్రి చాయ్ తాగేటప్పుడు నా చెవుల ఏస్తడు. నేను ఓనరు మూడ్ సూసి చెప్త. ఆలస్యమయితది, కాదన. కానీ ఎవ్వల ఇజ్జత్ పోదు. ఉప్పలయ్య చెప్పిండు, మేస్త్రి చెప్పిండు, నేను గూడ చెప్దామనే ఉన్న. గంతల్నే ఏడు రోజులు టైమిచ్చి, ఇన్‌స్పెక్టరుకు కాపీ పెట్టి, కింద పేరు రాసి దస్కత్ పెట్టి వచ్చింది. అందుల జర బతిమిలాడినట్టన్న ఉంటే, పిల్లగాడు తెల్వక రాసిండని నేనే సర్దిచెప్తుంటి. ఏమని చెప్పాలె? ఒక్క మాటన్న వంగలె అందుల."

స్వర్ణలత చాయ్ తాగలేదు. ఏం చేస్తే తిరిగి తీసుకుంటారని అడిగింది.

తిరుపతి తల గోక్కున్నాడు. "ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నుంచి ఏంది కథ అని అడిగిన్రు. పిల్లగాడు ఇంకొక ఉత్తరం రాయాలె. ఫ్యాను మంచిగనే నడుస్తుండె, నేను తెల్వక రాసిన, మాఫీ చెయ్యిండ్రి అని. గా ముగ్గురికే మళ్ల పంపాలె. గట్ల రాస్తే ఓనరును నేను ఒప్పిస్త. మీరు పెద్దమనిషి, మీకు మాటిస్తున్న."

ఉప్పలయ్య ఉండే గల్లీకి పోయేసరికి ఎండ దిగింది. ఒకే వరుసలో రేకుల రూములు. ముందు నీళ్ల డ్రమ్ములు. రెండో రూము గడప మీద ఉప్పలయ్య కూర్చుని ఉన్నాడు. పని చేసి చేసి వంగిన మనిషి, పని లేకపోయినా అదే వంపులో కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి, లోపలికి తొంగి, "జీవన్, మీ మేడమొచ్చింది," అన్నాడు. గొంతులో తిట్టు లేదు. దగ్గు మాత్రం ఉంది.

ఉప్పలయ్య భార్య నీలవేణి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. జీవన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. స్వర్ణలత కంపెనీకి పోయివచ్చిన సంగతి చెప్పింది. తిరుపతి మాట చెప్పింది.

"ఫ్యాను నడిచిందని రాయాల్నా?" అన్నాడు జీవన్.

"అవును."

"నడువలేదు గద మేడం."

ఉప్పలయ్యే అన్నాడు, "నడిచిందని రాయిరా. నడిస్తే నడిచింది. ఇప్పుడు నడుస్తనే ఉన్నదంట గదా. నేను పొయ్యి ఆ గాలి పీల్చుకుంట."

"నాయినా, నీ షెడ్డుల మల్లేశం మామకు గూడ దగ్గే గదనే."

"మల్లేశానికి కొడుకు లేడు రాయనీకె. నువ్వు రాయి."

జీవన్ ఫోను తీశాడు. గోడకు ఆనుకునే రాశాడు. ఈసారి ఎవరూ ఏదీ చెప్పలేదు. తప్పు నాదేనని, ఫ్యాను బాగానే నడుస్తుండేదని, చదువుకునే వయసులో పొగరుతో రాశానని, మా కుటుంబం మీ దయ మీదనే ఉందని, చేతులు జోడించి మన్నించమని అడుగుతున్నానని. స్వర్ణలతకు ఫోను ఇచ్చాడు. చూడాల్సింది ఆమే కదా.

ఆమె చదివింది. ఒక చోట స్పెల్లింగు తప్పు ఉంది. అలవాటుగా వేలు అటు పోయింది. ఆపుకుంది. "పంపు," అంది.

నీలవేణి అప్పుడు మొదటిసారి నోరు తెరిచి, "అన్నం తిని పోండ్రి మేడం," అంది. తినలేదు, కానీ ఆ మాట పట్టుకుని స్వర్ణలత చిల్కానగర్‌లో తన ఇంటి దాకా కొంచెం తేలిగ్గానే వచ్చింది.

సోమవారం ఉప్పలయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని కంపెనీకి పోయాడు. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. తిరుపతి గేటు దాకా వచ్చి, రెండు రోజులు ఆగమన్నాడు. రెండు రోజులాగి పోతే, ఓనరు ఊళ్లో లేడన్నాడు. ఆ తర్వాత తిరుపతి గేటు దాకా రావడం మానేశాడు.

స్వర్ణలత ఫోను చేసింది. చాలాసార్లు చేస్తే ఒకసారి ఎత్తాడు.

"మేడం, నేను చెప్పి సూసిన. మీ మీద ఒట్టు. ఓనరు ఏమన్నడంటే, ఇన్‌స్పెక్టర్ సంగతి ఖతమైంది, పిల్లగాని రెండో ఉత్తరం ఫైల్ల పెట్టుకున్నరు, ఇగ మనకు ఫికర్ లేదు. ఇంట్ల రాసెటోడు ఉన్న మనిషిని పనిల పెట్టుకోవద్దు అన్నడు. ఇవాళ మంచిగ రాసిండు, రేపు ఏం రాస్తడో అన్నడు."

"మీరు మాటిచ్చిన్రు."

"ఇచ్చిన మేడం. నోటితోనే ఇచ్చిన," అన్నాడు తిరుపతి. కొంచెం సిగ్గుపడ్డట్టే అన్నాడు. ఫోను పెట్టేశాడు.

నాచారంలో ఒక కంపెనీ మాట ఇంకో కంపెనీకి పోవడానికి మెయిలు అక్కర్లేదు. చాయ్ బండి దగ్గర మేస్త్రీలు కలుస్తారు, చాలు. ఉప్పలయ్య అట్టపెట్టెల కంపెనీలో అడిగాడు, ప్లాస్టిక్ డబ్బాల దగ్గర అడిగాడు. పేరు చెప్పేదాకా బాగానే మాట్లాడేవారు. పేరు చెప్పాక, "గా ఉత్తరం రాసిన పిల్లగాని నాయినవా?" అని ఒకసారి ఎగాదిగా చూసేవారు. నాగోల్ వైపు ఏదో అపార్టుమెంటు కడుతుంటే ఇటుకలు మోయడానికి పోయాడు. దగ్గు వల్ల మూడో అంతస్తు దాకా ఎక్కలేకపోయాడు.

జీవన్ కాలేజీకి రావడం మానేశాడు. తిండి పొట్లాలు ఇళ్లకు చేర్చే పనిలో చేరాడని, హబ్సిగూడ సిగ్నలు దగ్గర కనబడ్డాడని గౌతమి చెప్పింది. "హెల్మెట్ తియ్యలేదు మేడం. పిలిస్తే ఇనపడనట్టు పోయిండు."

రామ్మోహనరావుకు ఇవేమీ తెలియవు. తెలిసినా ఆయన కొలతలో అవి పట్టవు. కమిటీ రాక దగ్గర పడింది. "మేడం, మీ పిల్లవాడొకడు ఫ్యాక్టరీకి రాశాడే, ఫ్యాను బాగు చేయించాడే, ఆ ఉత్తరం పెద్దగా ప్రింటు తీయించి మెట్ల దగ్గర పెడదామండీ. ఇంత పక్కా ఫలితం ఇంకేం కావాలి," అన్నాడు.

"అది వద్దు సార్. గౌతమిది పెట్టండి."

"వీధి దీపానిదేముందండీ, అది ఎవరైనా రాస్తారు. ఇది చూడండి, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. మీరే కదా క్లాసులో చదివి వినిపించారు."

ఆమె కారణం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయ్యో పాపం," అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "పేరు తీసేసి పెడదామా?" అన్నాడు.

తర్వాతి క్లాసులో స్వర్ణలత బోర్డు ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడింది. ఇకమీదట రాసిన ఉత్తరాలు పంపనక్కర్లేదని చెప్పింది. ఎందుకో అందరికీ తెలుసు. వెనక బెంచీలో ఒకడు మెల్లగా పక్కవాడితో, "బతికిపోయినం," అనుకోవడం ఆమెకు వినబడింది. గైడు తెరవబోయి మూసింది. ఆ గంట అంతా హాజరు పిలవడం, కిటికీ వేయమనడం, ఫ్యాను తగ్గించమనడం, ఇట్లాంటివాటితోనే పోయింది.

మళ్లీ ఆ గల్లీకి పోయేదాకా ఆమెకు నిద్ర సరిగ్గా లేదు. ఒక ఆదివారం పోయింది. ఉప్పలయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. జీవన్ పనికి పోబోతూ బూట్లు కట్టుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, క్లాసులో లేచినట్టే. నీలవేణి బియ్యం ఏరుతున్నది. ఈసారి కుర్చీ ఉప్పలయ్య తలాపున మందుల సంచితో నిండి ఉంది. దాన్ని ఎవరూ ఖాళీ చేయలేదు. స్వర్ణలత గడప దగ్గరే నిలబడింది.

ఆమె దారంతా ఆలోచించుకుని వచ్చింది. చెప్పింది కూడా వరుసగానే, మొదట సంగతి, తర్వాత దాని చరిత్ర, చివర ఏం కావాలో. జరిగింది అన్యాయమని, దీన్ని ఇట్లా వదలొద్దని, లేబర్ ఆఫీసు ఒకటి ఉందని, అక్కడికి పిటిషను పెడితే వినక తప్పదని. రెండో ఉత్తరం ఒత్తిడి చేసి రాయించుకున్నదని అందులో చెప్పొచ్చని. జీవన్ పేరు ఎక్కడా రానివ్వనని, పిటిషను తన పేరుతో పెడతానని, సాక్షిగా తానే నిలబడతానని.

"ఉద్యోగం పోతే నాది పోనీ. నేనే రాస్త నీలవేణమ్మా," అంది. "ఇంగ్లీషుల గాదు, తెలుగులనే రాస్త. మీకు చదివి వినిపిస్త. మీరు ఊ అంటేనే పంపుత."

ఉప్పలయ్య కళ్లు తెరిచి కొడుకు వైపు చూశాడు. జీవన్ లేసు కట్టని బూటుతోనే తల్లి వైపు చూశాడు.

నీలవేణి చాటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది. తల ఎత్తకుండానే అంది:

"వద్దు మేడం. మా గురించి మీరు ఇంకేం రాయకుండ్రి."